తాతయ్య పెట్టెలో దొరికిన రింగు, సున్నాల నోటుబుక్కు

మీటర్‌గేజి మనవడు

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద మా తాతయ్య (అమ్మ వాళ్ల నాన్న) ట్రంకు పెట్టె దొరికింది. ఆయన మీటర్ గేజ్ లైన్లో ఒక చిన్న స్టేషన్‌లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేశారు. సింగిల్ లైను, రెండు లూపులు (ఒక బండి పక్కకు తప్పుకునే పట్టాలు), పక్కనే మూడు క్వార్టర్లు, అంతే ఆ స్టేషను.

పెట్టెలో ఉన్నవి ఇవి. బెత్తంతో చేసిన పెద్ద రింగు, దానికి కుట్టిన తోలు సంచి. సంచి ఖాళీ. దారంతో కట్టిన అట్ట టికెట్లు ఓ నలభై. ఎర్ర అద్దం, ఆకుపచ్చ అద్దం ఉన్న చేతి లాంతరు. ఒక నోటుబుక్కు.

నోటుబుక్కే అంతుపట్టడం లేదు. ప్రతి పేజీలో టైము, పక్కన బాణం గుర్తు, పక్కన సున్నాలు. ఒక చోట రెండు సున్నాలు, ఒక చోట మూడు, ఒక చోట నాలుగు. మొదట అప్పుల లెక్కేమో అనుకున్నాను. కానీ సున్నాల ముందు అంకె లేదు! అక్కడక్కడ పెన్సిల్‌తో రెండంకెల సంఖ్యలు కూడా ఉన్నాయి. ఇవేంటో ఎవరైనా చెప్పగలరా?

సెమాఫోర్

ముందు రింగు ఫోటో పెట్టండి బ్రదర్. తర్వాత మాట్లాడదాం.

మీటర్‌గేజి మనవడు

పెట్టాను. సంచి మీద ఏదో అచ్చు గుద్ది ఉంది కానీ అరిగిపోయింది.

పాత ఏఎస్ఎం

బాబూ, ఆ రింగు చూడగానే కుడి భుజం నొప్పి పుట్టింది నాకు. అది టోకెన్ రింగు. ఖాళీగా ఉన్న సంచిలో ఒకప్పుడు ఇనుప బంతి ఉండేది. దాన్నే బాల్ టోకెన్ అంటాం.

సింగిల్ లైన్లో అసలు భయం ఒక్కటే. రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టా, ఎదురెదురుగా రెండు బండ్లు. అది జరక్కుండా నీల్స్ ఇన్‌స్ట్రుమెంట్ అని ఇనుప పెట్టెలు ఉండేవి. ఈ స్టేషన్లో ఒకటి, పక్క స్టేషన్లో ఒకటి, మధ్యలో కరెంటు తీగ. రెండింటిలోనూ బంతులుంటాయి. కానీ ఒక బంతి బయటికొచ్చిందంటే, అది మళ్లీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండో బంతి ఇటూ రాదు, అటూ రాదు. డ్రైవరు చేతిలో బంతి ఉందంటే ఆ సెక్షన్లో, అంటే ఆ రెండు స్టేషన్ల మధ్య, ఇంకో బండి లేనట్టే.

హ్యాండిల్‌కి మూడు స్థానాలు. మధ్యలో ‘లైన్ క్లోజ్డ్’. ఒక పక్క ‘ట్రైన్ కమింగ్ ఫ్రమ్’, ఇంకో పక్క ‘ట్రైన్ గోయింగ్ టు’. నేను బండి పంపాలంటే పక్క స్టేషన్ మాస్టరు తన హ్యాండిల్‌ను ‘కమింగ్ ఫ్రమ్’ వైపు తిప్పి ఉంచాలి. అప్పుడే నాది ‘గోయింగ్ టు’ వైపు తిరుగుతుంది, బంతి దొర్లి కిందికొస్తుంది. ఆయన ఒప్పుకోకపోతే నేను తల కొట్టుకున్నా ఆ హ్యాండిల్ కదలదు. నా ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో పైవాళ్ల మాటకు లొంగని వస్తువు అదొక్కటే చూశాను.

ఇక సున్నాలంటారా, అవి గంటలు. బెల్ కోడ్. రాత్రికి వివరంగా రాస్తాను, ఇప్పుడు మనవరాలిని బడి నుంచి తీసుకురావాలి.

బొగ్గుపొడి

మాస్టారు భుజం సంగతి చెప్పారు, మరి అందుకునే వాళ్ల సంగతి? నేను వైపీ అనే బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా, అంటే బొగ్గు వేసేవాడిగా, చేశాను. మీటర్ గేజ్‌లో పాసింజరు బండ్లకు వైపీ, గూడ్సుకు వైజీ. వైపీ చక్రాల అమరిక (ముందువి, నడిపేవి, వెనకవి) 4-6-2, వైజీది 2-8-2. వైపీ అందంగా పరిగెడుతుంది, వైజీ ఓపిగ్గా లాగుతుంది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

ఆగని బండికి టోకెన్ మార్పు ఎలాగంటే, స్టేషన్ దగ్గరికొచ్చేసరికి పార పక్కన పెట్టి, ఎడం చేత్తో కమ్మీ పట్టుకుని ఒళ్లంతా బయటికి వంచాలి. మొదట పాత రింగు ప్లాట్‌ఫాం మీదికి విసరాలి. కొన్ని అడుగుల దూరంలో పాయింట్స్‌మన్ (స్టేషన్లో పట్టాలు మార్చే మనిషి) కొత్త రింగు ఎత్తి పట్టుకుని నిలబడతాడు. దాన్ని గుప్పిట్లో పట్టుకోవాలని చూసినవాడు వేళ్లు పోగొట్టుకుంటాడు. చెయ్యి చాచి రింగు మధ్యలోంచి దూర్చాలి, మోచేతి మడతలో పడాలి. ఆ దెబ్బకు చర్మం నల్లగా కమిలేది. మా ఇంట్లో అందరూ దాన్ని పుట్టుమచ్చ అనుకునేవారు.

రాత్రి పూట రింగు పట్టుకున్న మనిషి పక్కన కాగడా మండుతుండేది. కిరోసిన్లో తడిపిన గుడ్డ. దాన్ని మషాల్ అనేవాళ్లు. ఫైర్‌బాక్స్ వెలుగులో గంటలకొద్దీ చూసిన కళ్లకు బయట చీకట్లో ఏమీ కనిపించదు కదా, ఆ మంట ఒక్కటే గురి.

రెండో నంబర్ ప్లాట్‌ఫాం

అందుకోలేకపోతే ఏమవుతుందండీ? రింగు కింద పడిపోతే?

బొగ్గుపొడి

ఏముంది, బండి ఆపడమే. అథారిటీ, అంటే ఆ బంతి, లేకుండా సెక్షన్లోకి వెళ్లకూడదు. ఆపి, దిగి, వెనక్కి పరిగెత్తి, రింగు ఏరుకుని రావాలి. డ్రైవరు గారు ఏమీ అనరు. ఆ మౌనమే తిట్టు. పోయిన నిమిషాలకు కంట్రోల్‌కి (బండ్ల రాకపోకలు నడిపే ఆఫీసుకు) సమాధానం చెప్పేది మాత్రం ఆయనే.

చార్టు పిచ్చి

కంట్రోల్ అన్నారు కాబట్టి నేనూ దూరుతున్నాను. నా దగ్గర పారేయబోతే తెచ్చుకున్న పాత కంట్రోల్ చార్టు ఒకటుంది. టేబులంత కాగితం. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ఒక్కో బండి ఒక్కో వాలు గీత. వేగంగా పోయేది నిటారుగా ఉంటుంది, గూడ్సు పడుకున్నట్టుంటుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోటు స్టేషన్ గీత మీదే పడాలి. స్టేషన్ల మధ్యలో పడితే కాగితం మీద యాక్సిడెంట్ అయినట్టే. సెక్షన్ కంట్రోలర్ పనంతా ఆ దాటే చోటుని ముందుకో వెనక్కో జరపడమే.

దాని మీద టీ కప్పు మరక కూడా ఉంది. తుడవలేదు, తుడవను.

హేవ్‌లాక్

మా నాన్నగారితో పాత గోదావరి వంతెన మీద ఎన్నో సార్లు వెళ్లాను. 1897లో మొదలుపెట్టి 1900లో బండ్లు నడిపారు, 56 స్పాన్లు, నూరేళ్లకు కాస్త తక్కువగా 1997 దాకా మోసింది. దాని మీద బండి వెళ్తుంటే వచ్చే చప్పుడు పక్కన కట్టిన కొత్త వంతెనల మీద రాదు. అక్కడ నాన్నగారు చిల్లర నాణేలు...

మోడరేటర్

హేవ్‌లాక్ గారూ, గోదావరి వంతెనకు వేరే టాపిక్ ఉంది, నాణేలతో సహా అక్కడికి రండి. ఇక్కడ పెట్టె సంగతి తేలనివ్వండి.

పాత ఏఎస్ఎం

వచ్చేశాను. సున్నాల సంగతి.

టోకెన్ పెట్టెకు గంట ఉంటుంది. ఇక్కడ మీట నొక్కితే పక్క స్టేషన్లో మోగుతుంది. ఎన్నిసార్లు మోగితే ఏంటని కోడ్ ఉంది. పుస్తకంలో ఒక్కో మోతకు ఒక్కో సున్నా వేసి చూపిస్తారు, అందుకే మీ తాతగారూ సున్నాలే రాశారు.

0 అంటే ఫోన్ దగ్గరికి రా అని.
00 అంటే లైన్ క్లియర్ ఉందా, బండి పంపొచ్చా అని అడగడం.
000 అంటే బండి బయల్దేరి సెక్షన్లోకి వచ్చింది.
0000 అంటే బండి పూర్తిగా చేరింది, సెక్షన్ ఖాళీ.
00000 అంటే ఇందాక చెప్పింది రద్దు.
పదహారు కొడితే పరీక్ష చేస్తున్నాం అని. మెయింటెయినర్ వచ్చిన రోజు కొట్టేవాడు, ఆ పదహారూ లెక్కపెడుతూ కూర్చోవాలి.

కాబట్టి మామూలు బండికి మీ పుస్తకంలో 00, 000, 0000 వరసగా ఉండాలి. పైకి బాణం ఉంటే తాతగారు కొట్టింది, కిందికి ఉంటే ఆయనకు మోగింది అనుకుంటాను. చూసి చెప్పండి.

అసలు రికార్డు ట్రైన్ సిగ్నల్ రిజిస్టరు, అది స్టేషన్ దాటి బయటికి రాదు. మా ముందుతరం వాళ్లలో కొందరు ఇలా సొంత పుస్తకం కూడా పెట్టుకునేవారు. రేపు ఎంక్వయిరీ వస్తే మన చేతిలో మన మాట ఉండాలని.

మీటర్‌గేజి మనవడు

సార్!! సరిగ్గా అలాగే ఉంది. 00 పైకి, 000 పైకి, ఇరవై ముప్పై నిమిషాల తర్వాత 0000 కిందికి. ఎదురు వచ్చే బండ్లకు బాణాలు తిరగబడి ఉన్నాయి. పేజీలకు పేజీలు ఇదే. నాకు నిన్నటిదాకా సున్నాలు, ఇవాళ బండ్లు కనిపిస్తున్నాయి.

రెండంకెల సంఖ్యల మాటేమిటి? కొన్ని పేజీల్లో సున్నాలే లేవు, అన్నీ ఆ సంఖ్యలే.

పాత ఏఎస్ఎం

సున్నాలు లేని పేజీలంటే ఆ రోజు ఇన్‌స్ట్రుమెంట్ చెడిపోయిందన్నమాట. బంతి రాకపోతే ఫోన్లో లైన్ క్లియర్ తీసుకుని కాగితం మీద రాసి డ్రైవరుకు ఇస్తాం. పేపర్ లైన్ క్లియర్. టీ/సీ 1425 ఫారం ఒక దిశకు, టీ/డీ 1425 ఫారం రెండో దిశకు. ఫోన్లో మాట ఎవరైనా అనొచ్చు, అన్నాక కాదనొచ్చు. అందుకని ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటాం. అచ్చేసిన షీటు ఉంటుంది, వరస లేని రెండంకెల సంఖ్యలు. ఒకటి ఇచ్చాక దాన్ని కొట్టెయ్యాలి. అవతలివాడికి నా షీట్లో తర్వాతి నంబరేంటో తెలిసే అవకాశమే లేదు, కాబట్టి వాడి పుస్తకంలో నా నంబరుందంటే నేనిచ్చిందే. ఇప్పుడు మీ ఫోన్లకు ఓటీపీలు వస్తున్నాయి కదా, దానికి తాత అనుకోండి.

గార్డు గారమ్మాయి

ఎంత హాయిగా ఉందో ఈ టాపిక్. మా నాన్న గూడ్స్ గార్డు. ఇంట్లో ఇనుప లైన్ బాక్స్ ఉండేది, మా అందరికంటే దానికే మర్యాద ఎక్కువ. అందులో ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి లాంతరు, టపాసులు (డిటోనేటర్లు), రూల్సు పుస్తకం. టపాసుల డబ్బా జోలికి వెళ్లామని చిన్నప్పుడు నాకూ మా తమ్ముడికీ ఒకేసారి పడ్డాయి.

కాల్ బాయ్ (డ్యూటీకి పిలిచే కుర్రాడు) అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవాడు, పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. నాన్న లేచేలోపు అమ్మ దీపం పెద్దది చేసేది. బండి చివర బ్రేక్ వ్యానులో వాక్యూమ్ గేజి చూసి, బ్రేకులకు కావాల్సినంత వాక్యూమ్ ఇక్కడిదాకా రాకపోతే బండి కదలనివ్వను అనేవారు. ఎక్కడో ఒక హోస్ పైపు వదులుగా ఉంటే అది దొరికేదాకా బండి మొత్తం నడిచేవారు.

2022 జనవరి నుంచి గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. నాన్న ఉంటే ఏమనేవారో తెలుసు, ఇక్కడ రాయలేను.

అట్ట టికెట్

టికెట్ల మాట ఎవరూ ఎత్తరేంటి! నలభై ఉన్నాయన్నారు, ముందు ఆ దారం విప్పెయ్యండి. అంచులు కోసుకుపోతాయి. లామినేషన్ మాత్రం చేయించకండి, దండం పెడతాను. సెల్లో టేపు అసలే వద్దు. ఆమ్లం లేని కాగితం కవర్లలో ఒక్కోటి విడిగా పెట్టండి.

ఈ టికెట్‌ను ఎడ్మండ్‌సన్ టికెట్ అంటారు. థామస్ ఎడ్మండ్‌సన్ ఇంగ్లండులో చెక్క సామాను చేసే పనివాడు. తర్వాత 1830ల్లో న్యూకాజిల్-కార్లైల్ రైల్వేలో చిన్న స్టేషన్ మాస్టరయ్యాడు. అంతకుముందు ఒక్కో ప్రయాణికుడికీ చీటీ చేత్తో రాసివ్వాలి. లెక్క తేలదు, ఎవరు ఎంత నొక్కేశారో తెలీదు. ఈయన అట్టముక్కలు అచ్చు వేసి వరస నంబర్లిచ్చాడు. తేదీ గుద్దే యంత్రమూ చేశాడు. తన పద్ధతి వాడుకున్న రైల్వేల దగ్గర మైలుకు ఏడాదికి 10 షిల్లింగుల చొప్పున తీసుకున్నాడట. సైజు సుమారు 57 మిల్లీమీటర్లు పొడవు, 30 మిల్లీమీటర్లు వెడల్పు. ఆ సైజే ప్రపంచమంతా పాకి, మన దగ్గర కంప్యూటర్ టికెట్లు వచ్చేదాకా నిలిచింది.

దాని గొప్పతనం నంబర్లో ఉంది. 0000 నుంచి 9999. బుకింగ్ క్లర్కు పక్కన గూళ్ల బీరువా. ఒక్కో గూట్లో ఒక్కో ఊరి టికెట్లు, కింద నుంచి ఒక్కోటి లాగుతాడు. డ్యూటీ దిగేటప్పుడు గూట్లో కింద ఉన్న నంబరు చూసి పొద్దున నంబరు తీసేస్తే ఎన్ని అమ్మాడో తెలిసిపోతుంది. డబ్బు సరిపోకపోతే జేబులోంచి వేసుకోవాల్సిందే. మా మేనమామ ఆ ఉద్యోగంలోనే కూడికలు నేర్చుకున్నానని చెప్పేవాడు.

మీ టికెట్ల మీద నంబర్లు వరసగా ఉన్నాయా? 0000 ఉందా? ఉంటే నాకు చెప్పకండి, నిద్ర పట్టదు.

మీటర్‌గేజి మనవడు

0000 లేదండీ, మీరు పడుకోవచ్చు. ఒక 0007 ఉంది. నోపడా నుంచి కొన్నది కూడా ఒకటి కనిపించింది, అక్కడికి ఎందుకెళ్లారో.

అట్ట టికెట్

నోపడా!! పర్లాకిమిడి నారోగేజ్. 1900లో పర్లాకిమిడి దాకా వేశారు, 1931లో గుణుపురం చేరింది, 2004లో చిన్న బండి ఆపేశారు. ఇప్పుడు బ్రాడ్ గేజ్. ఆ టికెట్ జాగ్రత్త, అది నలభైలో ఒకటి కాదు.

రెండో నంబర్ ప్లాట్‌ఫాం

ఒక సందేహం. బంతి తప్పుదైతే? అంటే పక్క సెక్షన్ బంతి పొరపాటున ఇచ్చేస్తే?

సెమాఫోర్

అలా జరిగింది. మన దగ్గర కాదు, వేల్స్‌లో, ఆబర్‌మ్యూల్ అనే స్టేషన్లో. 1921 జనవరి 26. అక్కడ బంతి బదులు గుండ్రటి బిళ్ల వాడేవారు, సూత్రం అదే. ఒక పాసింజరు బండి వచ్చి తాను తెచ్చిన బిళ్ల అప్పగించింది. ఆ బిళ్ల చేతులు మారి మారి, ముందు సెక్షన్‌ది అనుకుని మళ్లీ అదే డ్రైవరుకు ఇచ్చేశారు. డ్రైవరు దాని మీద పేరు చదవలేదు. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ అసలు బిళ్లతో వస్తోంది. 17 మంది చనిపోయారు. ఆ రోజు యంత్రం తప్పు చెయ్యలేదు. బంతి మీద ఉన్న స్టేషన్ కోడ్ చదవాలని డ్రైవర్లకు అంతలా నూరిపోసేది అందుకే.

బొగ్గుపొడి

నిజం. రింగు లోపలికి రాగానే సంచి తెరిచి బంతి మీద అక్షరాలు నేను గట్టిగా చదవాలి, డ్రైవరు గారు మళ్లీ చదవాలి. సిగ్నల్ కనపడినా అంతే, నేనొకసారి, ఆయనొకసారి. మొదటి నెల నాటకంలా అనిపించింది. నిద్ర ముంచుకొచ్చిన ఓ రాత్రి నా గొంతు నాకే వినపడి మెలకువ వచ్చింది, అప్పట్నుంచి అలా అనిపించలేదు.

మీటర్‌గేజి మనవడు

పాత ఏఎస్ఎం గారూ, ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. మీరు చెప్పిన లిస్టులో లేనిది ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నెల ఆగస్టు.

1:12 పైకి 00
1:31 పైకి 000
1:38 కిందికి 000000
3:05 బాల వెనక్కి

ఆరు సున్నాలు. పుస్తకం మొత్తంలో ఈ ఒక్కసారే. తర్వాత నాలుగు సున్నాలు లేవు. పేజీలో మిగతాదంతా ఖాళీ. ‘బాల’ ఎవరో తెలీదు. మా వాళ్లలో ఆ పేరున్నవాళ్లు లేరు.

పాత ఏఎస్ఎం

ఆరు సున్నాలు కావాలనే రాయలేదు, వాటి గురించి ఊరికే చెప్పడం ఇష్టం లేక.

ఆరంటే ‘అబ్‌స్ట్రక్షన్ డేంజర్’. దారిలో అడ్డముంది, బండి పంపకు అని. కానీ టైములు చూడండి. 1:31కి మీ తాతగారు బండి పంపేశారు. 1:38కి ఆరు గంటలు మోగాయి. ఏడు నిమిషాలు. బండి స్టేషన్ దాటి ఏ మూడు నాలుగు మైళ్లో వెళ్లి ఉంటుంది.

అప్పట్లో వాకీటాకీలు లేవు. డ్రైవరుకు చెప్పే దారి లేదు. సిగ్నల్ రెక్క లేపినా వెళ్లిన బండికి కనపడదు. గంట విన్నాక స్టేషన్ మాస్టరు చెయ్యగలిగేది చూస్తూ కూర్చోవడమే. నా సర్వీసులో ఒక్కసారి మోగింది. పశువులు అడ్డం అని తర్వాత తెలిసింది, ఏమీ కాలేదు. కానీ తెలిసేదాకా ఆ పదకొండు నిమిషాలు గదిలో గోడ గడియారం చప్పుడు తప్ప ఏదీ వినపడలేదు.

ఇక ‘బాల’ మనిషి కాదు బాబూ. అది ‘బాల్’. పొల్లు కనపడలేదేమో చూడండి. బాల్ వెనక్కి. 3:05కి బంతి మీ తాతగారి చేతికే తిరిగొచ్చింది. అంటే బండి వెనక్కి వచ్చింది. అవతలి స్టేషన్ చేరలేదు కాబట్టే నాలుగు సున్నాలు లేవు.

బొగ్గుపొడి

వెనక్కి వచ్చిందంటే అడ్డాన్ని గుద్దకుండా ఆగినట్టే. ఎవరు ఆపారన్నదే ప్రశ్న.

గార్డు గారమ్మాయి

ఆగస్టు అన్నారు కదా. వానా?

మీటర్‌గేజి మనవడు

అమ్మమ్మకు ఫోన్ చేశాను. ఆవిడకు ఎనభై ఏడు. ‘బాల్ వెనక్కి’ అనగానే “ఆ వాన రాత్రా” అంది.

ఆవిడ చెప్పింది ఇది. నాలుగు రోజులుగా వాన. వాగు పొంగి, అవతలి స్టేషన్ దగ్గర్లో కట్ట కోసేసింది, పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. గస్తీ తిరిగే ఇద్దరు చూశారు. ఒకాయన లాంతరు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు, రెండో ఆయన అవతలి స్టేషన్‌కి పరిగెత్తాడు. అక్కడి మాస్టరు గంటలు కొట్టాడు. అప్పటికే తాతయ్య పాసింజరు పంపేశారు. ఆయన క్వార్టర్లోకి రాలేదు, స్టేషన్ వాకిట్లో వానలో నిలబడి పట్టాల వైపు చూస్తూ ఉన్నారట. అమ్మమ్మ గొడుగు తీసుకెళ్తే “మాట్లాడకు, వినపడదు” అన్నారట.

తర్వాత దూరంగా విజిల్ వినిపించింది. బండి వెనక్కి నడుస్తూ వచ్చింది. పసిపిల్లలున్న వాళ్లను తెల్లారేదాకా మూడు క్వార్టర్లలో పడుకోబెట్టారట.

పాత ఏఎస్ఎం

వర్షాకాలం పేట్రోల్‌మన్లు. రాత్రంతా లాంతరు, టపాసులు, జెండాలు పట్టుకుని కట్ట వెంట నడిచేవాళ్లు. మీటర్ గేజ్‌లో అయితే తెగిన చోటుకి 400 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక టపాసు, 800 మీటర్ల దగ్గర పది మీటర్లకొకటి చొప్పున మూడు బిగించాలి. బ్రాడ్ గేజ్‌లో 600, 1200. ఇంజన్ చక్రం ఎక్కగానే పేలతాయి, డ్రైవరు ఆపేస్తాడు. అంత వానలో, ఒక్కడే, ఆ 800 మీటర్లు బండి కంటే ముందు పరిగెత్తి వెళ్లి బిగించాడంటే...

ఆయన పేరు ఎక్కడైనా రాసి ఉందా?

మీటర్‌గేజి మనవడు

లేదండీ. అమ్మమ్మకూ గుర్తు లేదు. పొడుగ్గా ఉండేవాడు, పొద్దున వచ్చి వాకిట్లో లాంతరు ఆరబెట్టుకున్నాడు అని మాత్రం చెప్పింది.

బొగ్గుపొడి

వెనక్కి వచ్చిన ఆ ఇంజన్ మీద ఫైర్‌మన్ కూడా ఎవడో ఉంటాడు. మాకు బొగ్గు, నీళ్లు తప్ప ఏదీ గుర్తుండదనుకుంటారు గానీ, టపాసు పేలిన చప్పుడు చచ్చేదాకా ఉంటుంది. మొదట ఒకటి, తర్వాత రెండు దగ్గర దగ్గరగా.

చార్టు పిచ్చి

ఆ రాత్రి కంట్రోల్ చార్టులో ఆ బండి గీత పైకి వెళ్లి, ఆగి, మళ్లీ కిందికి దిగి ఉంటుంది. అలాంటి గీత నా చార్టులో ఒక్కటీ లేదు.

పాత ఏఎస్ఎం

తర్వాతి పేజీ ఎప్పటిది బాబూ? లైను ఎప్పుడు తెరిచారో చూద్దాం. కట్ట పోసి పట్టా నిలబెట్టాక మొదటి బండిని నడక వేగంతో పంపుతారు. దానికి కాషన్ ఆర్డర్, అంటే జాగ్రత్తగా నడపమని రాసిచ్చే కాగితం, ఇవ్వాలి. దాని ఫారం నంబరు టీ/409, ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి.

మీటర్‌గేజి మనవడు

తర్వాతి పేజీ మూడో రోజుది. సాయంత్రం 5:20, పైకి 00. పక్కన అదే ఉంది సార్, టీ/409. నేను అది ఎవరిదో క్వార్టర్ నంబరు అనుకున్నాను.